వాక్యాల మధ్య ఖాళీ

వాక్యం చివర పెట్టే చుక్కకూ, తర్వాతి వాక్యంలోని మొదటి అక్షరానికీ నడుమ విడిచే జాగాను ముద్రణలో వాక్యాల మధ్య ఖాళీ అంటారు. ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం తర్వాత విడిచే జాగా కూడా ఇందులోకే వస్తుంది. ఇది మాటల నడుమ ఉండే ఖాళీతో సమానంగా ఉండాలా, అంతకంటే వెడల్పుగా ఉండాలా అన్న విషయంలో ఐరోపా, అమెరికా ముద్రాపకులు కాలానికొక పద్ధతి పాటించారు. టైపుమిషన్ వాడుకలోకి వచ్చాక ఇదే ప్రశ్న స్పేస్‌బార్ ఒకసారి నొక్కాలా, రెండుసార్లు నొక్కాలా అన్న రూపం తీసుకుంది. ఇప్పుడు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ అచ్చయ్యే పుస్తకాలు, పత్రికలు దాదాపు అన్నీ ఒక్క ఖాళీతోనే వెలువడుతున్నాయి.

ఈ చర్చలో రెండు వేరువేరు సంగతులు తరచు కలిసిపోతుంటాయి. కాగితం మీద కనబడే తెలుపు ఎంత వెడల్పుండాలన్నది మొదటిది. టైపు చేసేవారు మీట ఎన్నిసార్లు నొక్కాలన్నది రెండోది. సీసపు అక్షరాల కాలంలో మొదటి ప్రశ్న ఒక్కటే ఉండేది. టైపుమిషన్ మీద రెండూ ఒకటైపోయాయి. కంప్యూటర్ వాటిని మళ్లీ విడదీసింది. వాక్యాల మధ్య ఖాళీ చరిత్రలో వచ్చిన మలుపులు చాలావరకు పనిముట్టు మారినప్పుడు వచ్చినవే.

కొలతలు

చేతి కంపోజింగులో ఖాళీ కూడా ఒక సీసపు ముక్కే. అక్షరాల కంటే ఎత్తు తక్కువ కాబట్టి దానికి సిరా అంటదు. కాగితం మీద అది తెలుపుగా మిగులుతుంది. వెడల్పుకు కొలమానం ‘ఎం’. టైపు సైజు ఎంతో అంత వెడల్పున్న చదరాన్ని ఎం అంటారు. 10 పాయింట్ల టైపులో ఎం వెడల్పు 10 పాయింట్లు. అంగుళానికి సుమారు 72 పాయింట్లు. ఎంలో సగం ‘ఎన్’. మూడో వంతు ‘థిక్ స్పేసు’, నాలుగో వంతు ‘మిడ్ స్పేసు’, ఐదో వంతు ‘థిన్ స్పేసు’. అంతకంటే సన్నని ముక్క ‘హెయిర్ స్పేసు’. అంటే 10 పాయింట్ల టైపులో ఎన్ 5 పాయింట్లు, థిక్ స్పేసు సుమారు 3.3, మిడ్ స్పేసు 2.5, థిన్ స్పేసు 2 పాయింట్లు ఉంటాయి. ఎన్, ఎం, అంతకు మించిన వెడల్పు ముక్కలకు ప్రెస్సుల్లో క్వాడ్‌లని పేరు.

ఈ పేర్లు సీసంతో పాటు పోలేదు. యూనికోడ్‌లో ఎం ఖాళీకి 2003, ఎన్ ఖాళీకి 2002, థిన్ ఖాళీకి 2009 సంకేతాలుగా నిలిచాయి. కీబోర్డు మీద స్పేస్‌బార్ ఇచ్చే మామూలు ఖాళీ వెడల్పును మాత్రం ఫాంటు తయారుచేసినవారు నిర్ణయిస్తారు. రోమన్ ఫాంట్లలో అది చాలావరకు ఎంలో మూడో వంతుకూ ఐదో వంతుకూ మధ్య ఉంటుంది.

రాతప్రతుల కాలం

ప్రాచీన గ్రీకు, లాటిన్ రాతప్రతుల్లో మాటల మధ్యనే ఖాళీ లేకుండా అక్షరాలను వరసగా రాసుకుపోయేవారు. పైకి చదివేవాడు ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో చెప్పడానికి క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం చివర్లో అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో పనిచేసిన బైజాంటియం అరిస్టోఫెనీస్ చుక్కల పద్ధతి ఒకటి ప్రవేశపెట్టాడు. పంక్తికి పైన, నడుమ, కింద పెట్టే చుక్కలు ఎంత విరామం ఇవ్వాలో సూచించేవి. మాటల మధ్య ఖాళీ విడిచే అలవాటు క్రీస్తుశకం 7, 8 శతాబ్దాల్లో ఐర్లండ్ మఠాల్లో స్థిరపడింది. అక్కడి సన్యాసులకు లాటిన్ పుట్టుభాష కాదు. ఎక్కడ ఏ మాట ముగుస్తుందో కంటికి కనబడితే తప్ప చదవడం వారికి కష్టమయ్యేది. ఆ పద్ధతి క్రమంగా ఐరోపా అంతటా పాకింది.

సీసపు అక్షరాలు

1455 ప్రాంతంలో జర్మనీలోని మైంజ్‌లో గుటెన్‌బర్గ్ అచ్చువేసిన బైబిల్ రాతప్రతిని అనుకరించింది. పంక్తులన్నీ ఒకే పొడవున రావడానికి ఆయన పొట్టి రూపాలు, జంట అక్షరాలు విరివిగా వాడాడు. వాక్యాల మధ్య ప్రత్యేకించి వెడల్పైన జాగా వదలలేదు. తొలి శతాబ్దాల అచ్చుపుస్తకాల్లో ఈ ఖాళీ ప్రెస్సుకొక తీరుగా ఉండేది.

18, 19 శతాబ్దాల ఇంగ్లీషు ముద్రణలో వెడల్పు ఖాళీ నియమంగా మారింది. మాటల మధ్య థిక్ స్పేసు, వాక్యాల మధ్య ఎం క్వాడ్ పెట్టమని కంపోజిటర్లకు నేర్పేవారు. అంటే వాక్యాల మధ్య జాగా మాటల మధ్య జాగాకు మూడింతలు. అర్ధవిరామానికీ కోలన్‌కూ ఈ రెండింటికీ నడుమనుండే వెడల్పు ఇచ్చేవారు. ఫిలడెల్ఫియాకు చెందిన థామస్ మెకెల్లర్ 1866లో వెలువరించిన ‘ది అమెరికన్ ప్రింటర్’ ఈ పద్ధతినే చెబుతుంది. షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం 1906లో తెచ్చిన తొలి శైలి నియమావళి కూడా వాక్యం చివర ఎం క్వాడ్‌నే కోరింది. రెండు ఖాళీలు టైపుమిషన్‌తోనే పుట్టాయని ఒక నమ్మకం ఉంది గానీ, వెడల్పు జాగా దానికి చాలా ముందు నుంచే పుస్తకాల్లో ఉంది.

అదే కాలంలో ఫ్రెంచి ముద్రాపకులు వాక్యాల మధ్య మాటల మధ్య ఉన్నంత ఖాళీనే విడిచేవారు. అందుకే ఇంగ్లీషు ముద్రాపకులు సమాన ఖాళీ పద్ధతిని ‘ఫ్రెంచ్ స్పేసింగ్’ అన్నారు. ఇటీవలి రాతల్లో కొందరు ఈ పేరును సరిగ్గా వ్యతిరేకార్థంలో వాడుతున్నారు కాబట్టి పాత గ్రంథాలు చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. ఫ్రెంచిలో అర్ధవిరామం, ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం ముందు సన్నని ఖాళీ విడిచే ఆచారం వేరే ఉంది. దానికీ వాక్యాల మధ్య ఖాళీకీ సంబంధం లేదు.

టైపుమిషన్

క్రిస్టఫర్ షోల్స్, ఆయన సహచరులు రూపొందించిన టైపుమిషన్‌ను రెమింగ్టన్ కంపెనీ 1874లో అమ్మకానికి పెట్టింది. మీట నొక్కినప్పుడల్లా క్యారేజి ఒకే దూరం జరుగుతుంది కాబట్టి దానిమీద అన్ని అక్షరాలదీ ఒకే వెడల్పు. ‘పైకా’ టైపులో అంగుళానికి 10 అక్షరాలు, ‘ఎలీట్’ టైపులో 12 పడతాయి. సన్నని ‘ఐ’కీ వెడల్పాటి ‘డబ్ల్యూ’కీ ఒకే గడి కేటాయించడంతో మాట లోపలే అక్షరాల మధ్య తెలుపు ఎక్కువగా కనబడుతుంది. చుక్క కూడా ఒక పూర్తి గడిని తీసుకుని దాని నడుమ చిన్నగా మిగులుతుంది.

పుస్తకాల్లోని వెడల్పు జాగాను ఈ యంత్రం మీద చూపడానికి ఒకే దారి: స్పేస్‌బార్‌ను మరోసారి నొక్కడం. పైకా టైపులో ఒక ఖాళీ అంగుళంలో పదో వంతు. రెండు నొక్కితే ఐదో వంతు. థిక్, మిడ్, థిన్ అన్న తేడాలకు ఇక్కడ చోటు లేదు. ఆ విధంగా వెడల్పు కాస్తా లెక్కగా మారింది. కామా తర్వాత ఒకటి, ఫుల్‌స్టాప్ తర్వాత రెండు అన్న సూత్రం టైపు పాఠ్యపుస్తకాల్లో చేరి, ఇంగ్లీషు టైపు నేర్పిన దేశాలన్నిటికీ వెళ్లింది. మన పట్టణాల టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయర్, హయ్యర్ పరీక్షలకు ఇంగ్లీషు టైపు నేర్చుకున్న తరానికి ఈ లెక్క వేళ్లలోనే ఉండిపోయింది.

ఒక ఖాళీ వైపు

టైపుమిషన్ రెండు ఖాళీలను ఆఫీసుల్లో స్థిరపరుస్తున్న సమయానికే పుస్తక ముద్రణ వాటిని వదులుకోవడం మొదలుపెట్టింది. దీనికి యంత్రాలు ఒక కారణం. ఒట్మార్ మెర్గెంతాలర్ తయారుచేసిన లైనోటైపును 1886లో ‘న్యూయార్క్ ట్రిబ్యూన్’ పత్రిక తొలిసారి వాడింది. ఇందులో మాటల మధ్య స్పేస్‌బ్యాండ్ అనే చీలిక పడుతుంది. పంక్తి నిండాక ఆ చీలికలన్నిటినీ యంత్రం ఒక్కసారిగా పైకి నెడుతుంది. అవి మందమవుతూ పంక్తిని కాలమ్ వెడల్పుకు సరిపెడతాయి. వాక్యం చివర అదనపు జాగా కావాలంటే ఆపరేటర్ విడిగా మరో ముక్క చేర్చాలి. గడువుతో పరుగులు తీసే పత్రికల్లో ప్రతి అదనపు మీటా ఆలస్యమే.

రెండో కారణం కాగితం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో కాగితానికి రేషన్ వచ్చింది. పేజీలో ఎక్కువ మాటలు పట్టేలా అచ్చువేయడానికి ప్రచురణకర్తలు 1942లో ఒక పొదుపు ఒప్పందానికి కట్టుబడ్డారు. మూడో కారణం అభిరుచిలో వచ్చిన మార్పు. పేజీని ఒకే రంగు బూడిద పలకలా చూడాలని, చుక్క దగ్గరల్లా తెల్లని చిల్లులు పడకూడదని 20వ శతాబ్దపు రూపకర్తలు కోరుకున్నారు. 1947లో బ్రిటన్‌లోని పెంగ్విన్ సంస్థలో చేరిన యాన్ చిహోల్ట్ కంపోజిటర్ల కోసం రాసిన నియమాల్లో మాటలను దగ్గరగా కూర్చాలని, చుక్క తర్వాత కూడా ఆ పంక్తిలో మిగతాచోట్ల ఉన్నంత ఖాళీయే ఉండాలని నిర్దేశించాడు. 1950ల నాటికి అమెరికా, బ్రిటన్‌లలోని వాణిజ్య ముద్రణలో ఒక్క ఖాళీ మామూలైంది. దాంతో కొన్ని దశాబ్దాల పాటు రచయిత టైపు చేసిన ప్రతిలో రెండు, అచ్చయిన పుస్తకంలో ఒకటి ఉండేవి.

కంప్యూటర్

కంప్యూటర్‌పై పని సాగిన తొలి దశాబ్దాల్లో తెరలు, ప్రింటర్లు టైపుమిషన్ లాగే అన్ని అక్షరాలకూ ఒకే వెడల్పు ఇచ్చేవి. రెండు ఖాళీల అలవాటు అక్కడ కొనసాగింది. ప్రోగ్రామర్లు వాడే ఈమ్యాక్స్ అనే ఎడిటర్ ఇప్పటికీ, అమరికను మార్చకపోతే, చుక్క తర్వాత రెండు ఖాళీలుంటేనే వాక్యం ముగిసిందని లెక్కిస్తుంది. అలా చేస్తే పొడి అక్షరాల వెనకున్న చుక్కకూ వాక్యాంతపు చుక్కకూ తేడా యంత్రానికి తెలుస్తుంది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ క్నూత్ 1978లో విడుదల చేసిన టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థ వేరే దారి తొక్కింది. టైపు చేసేవారు ఒక ఖాళీ పెట్టినా, పది పెట్టినా దానికి ఒకటే. వెడల్పును అదే లెక్కగడుతుంది. ప్రతి విరామచిహ్నానికీ అందులో ఒక గుణకం ఉంది: కామాకు 1250, అర్ధవిరామానికి 1500, కోలన్‌కు 2000, చుక్కకు 3000. క్నూత్ రూపొందించిన 10 పాయింట్ల కంప్యూటర్ మోడర్న్ ఫాంటులో మాటల మధ్య ఖాళీ 3.33 పాయింట్లు. వాక్యాంతంలో దానికి 1.11 పాయింట్లు కలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, పంక్తిని సాగదీయవలసి వచ్చినప్పుడు వాక్యాంతపు ఖాళీ మిగతావాటికంటే మూడు రెట్లు సాగగలదు. పెద్దబడి అక్షరం తర్వాత వచ్చిన చుక్కను టెక్ వాక్యాంతంగా తీసుకోదు. పేర్ల ముందుండే పొడి అక్షరాల దగ్గర అనవసరపు జాగా రాకుండా ఈ ఏర్పాటు. అన్ని ఖాళీలూ సమానంగా కావాలనేవారికి ఫ్రెంచ్‌స్పేసింగ్ అనే ఆదేశం ఉంది.

వెబ్ పేజీల భాష హెచ్‌టీఎంఎల్ కూడా వరసగా వచ్చిన ఖాళీలన్నిటినీ కలిపి ఒకటిగానే చూపుతుంది. రెండు నొక్కే అలవాటున్నవారు రాసినా చదువరికి ఒకటే కనబడుతుంది. ఫోన్లలో మరో మార్పు వచ్చింది. చాలా ఫోన్లలో స్పేస్‌ను వెంటవెంటనే రెండుసార్లు తాకితే చుక్క, దాని వెనక ఒక ఖాళీ పడతాయి. రెండుసార్లు నొక్కే పాత కదలిక ఇక్కడ వాక్యం ముగించే సౌకర్యంగా మారింది.

శైలి నియమావళులు

షికాగో నియమావళి నేటి ప్రతులు, ఆక్స్‌ఫర్డ్ వారి ‘న్యూ హార్ట్స్ రూల్స్’, అమెరికా ప్రభుత్వ ప్రచురణాలయ నియమావళి, ఐరోపా సమాఖ్య సంస్థల ఉమ్మడి నియమావళి అన్నీ ఒక్క ఖాళీనే చెబుతున్నాయి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ మాత్రం కొంతకాలం ఊగిసలాడింది. 2009 నాటి 6వ ప్రతిలో చిత్తుప్రతులకు రెండు ఖాళీలు మంచివని సూచించి, 2019 నాటి 7వ ప్రతిలో ఒకటికి మారింది. 2020లో మైక్రోసాఫ్ట్ వర్డ్ వాక్యాల మధ్య రెండు ఖాళీలను తప్పుగా గుర్తించి గీత గీయడం మొదలుపెట్టింది. ఆ నిర్ణయాన్ని వద్దనుకునేవారు అమరికల్లో మార్చుకోవచ్చు.

చదవడంపై ప్రభావం

ఇరుపక్షాలవారూ తమ పద్ధతే కంటికి సుఖమంటారు గానీ, దీన్ని కొలిచి చూసిన పరిశోధనలు తక్కువ. అమెరికాలోని స్కిడ్‌మోర్ కళాశాల పరిశోధకులు 2018లో 60 మంది విద్యార్థుల కంటి కదలికలను గమనించి ఫలితాలు ప్రచురించారు. చుక్క తర్వాత రెండు ఖాళీలున్నచోట కన్ను కాస్త తక్కువసేపు ఆగింది. మొత్తం చదివే వేగంలో లాభం కనిపించింది మాత్రం, తాము టైపు చేసేటప్పుడు రెండు ఖాళీలు పెట్టే అలవాటున్న 21 మందిలోనే. చదివినది అర్థం చేసుకోవడంలో తేడా రాలేదు. పైగా ప్రయోగంలో వాడిన కొరియర్ న్యూ ఫాంటులో అక్షరాలన్నిటిదీ ఒకే వెడల్పు. మామూలు పుస్తకపు ఫాంట్లకు ఈ ఫలితాన్ని యథాతథంగా వర్తింపజేయలేం.

ఇతర లిపులు

చుక్క, ఖాళీ రెండూ కలిసి వాక్యాంతాన్ని సూచించడం అన్ని లిపుల్లోనూ లేదు. చైనా, జపాన్ లిపుల్లో వాక్యాంతపు చిన్న సున్న ఒక పూర్తి అక్షరపు గడిని తీసుకుంటుంది. గడిలో మిగిలిన తెలుపే ఖాళీ కాబట్టి దాని తర్వాత స్పేస్ నొక్కరు. థాయ్ లిపిలో మాటల మధ్య ఖాళీ ఉండదు, వాక్యాంతంలో సాధారణంగా చుక్కా ఉండదు. వాక్యమో ఉపవాక్యమో ముగిసినచోట ఖాళీ విడుస్తారు. అక్కడ ఖాళీయే విరామచిహ్నం. ఇథియోపియా లిపిలో నాలుగు చుక్కల గుర్తు వాక్యాన్ని ముగిస్తుంది. హిందీలో పూర్ణవిరామమనే నిలువు గీత ఉంది. దాని వెనక ఒక ఖాళీ విడుస్తారు. గీత చివరి అక్షరంలో భాగంలా కనబడకుండా ముందు కూడా కాస్త జాగా వదిలేవారున్నారు.

తెలుగులో

తాటాకుల మీద తెలుగును మాటల మధ్య ఖాళీ లేకుండానే రాసేవారు. పద్యం ముగిసినచోట నిలువు గీతలు ఉండేవి. ఛందస్సు, యతిప్రాసలు తెలిసిన చదువరికి పాదం ఎక్కడ విరుగుతుందో లయే చెప్పేది. వచనంలో ఆ పని క్రియ చేస్తుంది. తెలుగు వాక్యంలో సమాపకక్రియ సాధారణంగా చివరనే వస్తుంది. ‘వెళ్లి’, ‘చూసి’ అన్నంతవరకు వాక్యం సాగుతూ, ‘వచ్చాడు’ అనగానే ముగుస్తుంది. గుర్తు లేకపోయినా వాక్యపు హద్దు చాలాచోట్ల ఇలా దొరుకుతుంది.

తెలుగు అచ్చు 1740ల్లో జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ వేయించిన క్రైస్తవ పుస్తకాలతో మొదలైంది. 19వ శతాబ్ది మొదట్లో శ్రీరాంపూరులోనూ మద్రాసులోనూ తెలుగు అచ్చు సాగింది. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో శ్రీరాంపూరు నుంచి వెలువడింది. అచ్చుతోనూ ఇంగ్లీషు చదువుతోనూ మాటల మధ్య ఖాళీ, కామా, చుక్క తెలుగు వచనంలో స్థిరపడ్డాయి. నిలువు గీత పద్యాలకు, శ్లోకాలకు పరిమితమైంది. యూనికోడ్‌లో ఈ గీతకు తెలుగు విభాగంలో విడిగా చోటు లేదు. దేవనాగరి విభాగంలోని 0964, 0965 సంకేతాలనే చాలా భారతీయ లిపులు పంచుకుంటాయి.

తెలుగు పేజీలో ఈ ఖాళీకి ఇంగ్లీషులో లేని ఇబ్బందులు రెండున్నాయి. మొదటిది, తెలుగు లిపిలో పెద్దబడి అక్షరాలు లేవు. ఇంగ్లీషులో చుక్క, ఖాళీ, పెద్దబడి అక్షరం మూడూ కలిసి కొత్త వాక్యాన్ని చాటుతాయి. తెలుగులో మొదటి రెండే ఆధారం. పైగా తెలుగువారి పేర్ల ముందు ఇంటిపేరు పొడి అక్షరాలు మామూలు: ‘డా. సి. నారాయణరెడ్డి’ అన్నప్పుడు రెండు చుక్కలున్నా వాక్యం ఎక్కడా ముగియలేదు. ‘రూ. 500’, ‘క్రీ.శ. 1020’ వంటివీ అంతే. టెక్ లాగా పెద్దబడి అక్షరాన్ని చూసి చుక్క స్వభావాన్ని ఊహించే ఉపాయం ఇక్కడ పనిచేయదు. తెలుగు పాఠాన్ని వాక్యాలుగా విడగొట్టే సాఫ్ట్‌వేర్‌కు పొడి అక్షరాల జాబితాలు, క్రియారూపాల పరిచయం అవసరమవుతాయి.

రెండోది మాటల పొడవు. విభక్తులు, ప్రత్యయాలు మాటకే అతుక్కోవడంతో, సంధులు కలవడంతో తెలుగు మాట దీర్ఘంగా ఉంటుంది. ఇరుకైన పత్రికా కాలమ్‌లో ఒక పంక్తికి మూడు నాలుగు మాటలే పడతాయి. రెండంచులూ సమం చేసినప్పుడు మిగిలిన జాగా అంతా ఆ రెండు మూడు ఖాళీలకే చేరి అవి బాగా వెడల్పవుతాయి. అలాంటి పంక్తిలో వాక్యాల మధ్య ఖాళీని ప్రత్యేకంగా పెంచినా కంటికి ఆనదు. రెండు ఖాళీలు టైపు చేస్తే తెల్లని గండ్లు మరింత పెద్దవవుతాయి. తెలుగు ప్రచురణలో ఒక్క ఖాళీ నిలవడానికి ఇంగ్లీషు ఆచారంతో పాటు ఈ ఇబ్బంది కూడా తోడైంది.

ఆచరణ

నేటి తెలుగు టైపింగులో ఎక్కువగా కనబడే పొరపాటు రెండు ఖాళీలు పెట్టడం కాదు. ఖాళీ చుక్కకు ఎటువైపు ఉండాలో పట్టించుకోకపోవడం. చుక్క తర్వాత ఖాళీ లేకపోతే రెండు మాటలను సాఫ్ట్‌వేర్ ఒకే మాటగా తీసుకుంటుంది. పంక్తి అక్కడ విరగదు, వెతుకులాటలో ఆ మాటలు సరిగా దొరకకపోవచ్చు. చుక్కకు ముందు ఖాళీ పెడితే పంక్తి సరిగ్గా అక్కడే విరిగి, చుక్క ఒంటరిగా తర్వాతి పంక్తి మొదట్లో పడవచ్చు. చివరి అక్షరానికి ఆనించి చుక్క, దాని వెనక ఒక్క ఖాళీ అన్నదే ప్రచురణల్లో పాటించే పద్ధతి. పొడి అక్షరాలకూ పేరుకూ, ‘రూ.’కీ అంకెకూ నడుమ పంక్తిని విరగనివ్వని ఖాళీ వాడితే అవి రెండు పంక్తుల్లోకి చీలిపోవు. పాత ప్రతుల్లోని జంట ఖాళీలను వర్డ్, పేజ్‌మేకర్, ఇన్‌డిజైన్ వంటివాటిలో వెతికి మార్చే సదుపాయంతో ఒకేసారి సరిచేయవచ్చు. కాగితం మీద వాక్యాల నడుమ ఎక్కువ తెలుపు కావాలనుకునే రూపకర్తకు ఇప్పటికీ ఆ స్వేచ్ఛ ఉంది. అది ఫాంటులోనో పేజీ అమరికలోనో చేయవలసిన పని. టైపు చేసేవారి బాధ్యత వాక్యం ఎక్కడ ముగిసిందో ఒక చుక్కతో, ఒక్క ఖాళీతో తేటగా చెప్పడం వరకే.